కరిగెట్లో పాట

సమ్మమ్మ నాట్ల ముఠా అంటే ఒకప్పుడు మరిపెడ చుట్టుపక్కల పది ఊళ్లకు తెలుసు. పన్నెండు మంది ఆడవాళ్లు. సమ్మమ్మ పాట ఎత్తుకుంటే మిగతా పదకొండు మందీ అందుకునేవారు, ఆ పాట నడిచినంతసేపూ ఒక్క నడుమూ లేచేది కాదు. నాటు రోజు ఖాయం చేసుకోవడానికి రైతులు వారం ముందే ఆమె గడపకు వచ్చేవారు. మీ పాట విని ఏడాదైందని మా ముసలామె ఒకటే పోరు పెడుతోంది అని చెప్పుకున్న రైతులూ ఉన్నారు.

ఇప్పుడు ఆ పన్నెండు మందిలో నలుగురు లేరు. ఉన్నవాళ్లకు మోకాళ్లు సహకరించవు. వాళ్ల కోడళ్లు హన్మకొండ బట్టల షాపుల్లో పనికి పోతున్నారు. నాట్ల కాలం రాగానే బీహార్ మగవాళ్లు వరంగల్ స్టేషన్‌లో దిగి, ట్రాలీ ఆటోల్లో ఊళ్లకు వస్తారు. పొద్దుగూకేలోపు ఎకరాలకు ఎకరాలు పచ్చబడతాయి. చెవుల్లో ఫోను తీగలుంటాయి గానీ నోట్లో పాట ఉండదు.

వాళ్లు వచ్చిన మొదటి ఏడాది సమ్మమ్మ ఒడ్డు మీద నిలబడి చాలాసేపు చూసి, ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. పని పోయినందుకు కాదనీ, పొలం మూగదైపోయిందనీ కొడుకు మహిపాల్‌తో అంది. పాటలే లేని దేశం నుంచి వచ్చిన మనుషులన్న మాట ఆ రోజే ఆమె మనసులో గట్టిపడిపోయింది.

అలా వచ్చినవాడే బిర్జు. కిషన్ రావు దగ్గర ట్రాక్టర్ నడపడానికి కుదిరి ఊళ్లోనే ఉండిపోయాడు. మరుసటి ఏడు నిండు చూలాలైన భార్య సునైనాను తెచ్చుకుని, సమ్మమ్మ ఇంటి వెనక గదిలో కిరాయికి దిగాడు. సమ్మమ్మకు ఇష్టం లేదు కానీ మహిపాల్ అప్పటికే మాటిచ్చేశాడు. నెల తిరక్కుండానే సునైనాకు నొప్పులొచ్చాయి. దవాఖానకు తోడు పోయే ఆడదిక్కు ఆ పిల్లకు ఇంకెవరున్నారని సమ్మమ్మే ఆటో ఎక్కింది. పుట్టిన బిడ్డను మొదట ఎత్తుకున్నది కూడా ఆమే. కావ్య అని పేరు పెట్టింది మహిపాల్ భార్య పద్మలత.

కావ్యకు ఇప్పుడు ఏడేళ్లు. సమ్మమ్మను సొంత నాయనమ్మలా బాపమ్మ అని పిలుస్తుంది. పుంటికూర ఉంటే ఇంకో ముద్ద ఎక్కువ తింటుంది. తెలుగు వాచకం గడగడా చదువుతుంది. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడండి, లేకుంటే వెనకబడుతుందని టీచరమ్మ చెప్పిన మాటను సునైనా తు.చ. తప్పకుండా పాటించింది. ఊరివాళ్లు కూడా బీహారోడు అనడం మానేసి, సమ్మమ్మోళ్ల బిర్జు అంటున్నారు.

ఈ వానాకాలం, నాట్లకు వచ్చే ముఠా వెంట బిర్జు తల్లి ఫూల్మతి కూడా రైలెక్కి వచ్చింది. మనవరాలిని అప్పటిదాకా ఆమె ఫోన్లో చూడటమే. వాకిట్లో అడుగుపెడుతూనే “బుచ్చీ” అంటూ చేతులు చాచింది. కావ్య పోయి సమ్మమ్మ కొంగు వెనక దాక్కుంది.

మా దిక్కు కూడా ఆడపిల్లను బుచ్చి అనే పిలుస్తారని సమ్మమ్మ సంబరపడింది. రెండు భాషలకూ కలిసింది ఆ ఒక్క మాటే. ముసలామె ఏదో అడిగేది, కావ్య తెల్లముఖం వేసేది. రెండు రోజులు అడిగి అడిగి, మూడో రోజుకు ఆమె అడగడం మానేసింది. ఆ సాయంత్రం గది వెనక ఒక్కతే కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటే సమ్మమ్మ చూసింది. ఏమైందని సునైనాను అడిగితే, ఇంత దూరం వచ్చి పరాయి పిల్లను చూసినట్టుంది అంటోందని చెప్పి, తనూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆదివారం కిషన్ రావు పొలంలో నాటు పడుతోంది. జర గాలి తగిలితే ముసలామె మనసు తేలిక పడుతుందని సమ్మమ్మ ఆమెనూ కావ్యనూ వెంటబెట్టుకుని పోయింది. ఫూల్మతి ఒడ్డు మీద కాసేపు నిలబడింది. ఉన్నట్టుండి చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, దున్ని బురద చేసిన కరిగెట్లో దిగింది. ట్రాక్టర్ మీది నుంచి బిర్జు వద్దని కేకేసినా వినలేదు. నారుకట్ట విప్పి, బొటనవేలితో నాలుగేసి పరకలు విడదీసి గుచ్చుతోంది. ఆ చేతివాటం చూడగానే సమ్మమ్మకు అర్థమైంది, ఈమె బతుకంతా చేసిన పని ఇదేనని. తనూ దిగింది.

రెండు వరుసలు అయ్యాక ఫూల్మతి పాట ఎత్తుకుంది. సన్నటి గొంతు, చివర్న కాస్త వణుకు. ముఠాలో మగవాళ్లంతా నిలబడిపోయారు. ఒక్కొక్కరే చెవుల్లోని తీగలు తీసేశారు. వాళ్లలో ఒకతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

బిర్జు ట్రాక్టర్ ఆపి వచ్చాడు. “మా ఊర్ల నాటు ఆడోళ్లే ఏత్తరవ్వా. పాట లేకుంట కట్ట ఇప్పరు. మాకు నాటు ఈడికొచ్చినంకనే వచ్చింది, పాట రాలే” అన్నాడు.

“ఇన్నేండ్లు మీకు పాటల్లేవనుకున్న కొడుకా.”

“నువ్వెన్నడు అడుగలేదు గదా.”

సమ్మమ్మ ఫూల్మతి వైపు తిరిగింది. పాట ముగించి ఫూల్మతి ఆమె వైపు చేయి చూపింది, ఇక నీ వంతు అన్నట్టు. సమ్మమ్మ గొంతు సవరించుకుంది. తొలి వరుస బాగానే పలికింది. కానీ ఆగాల్సిన చోట ఆగేసరికి, ఆ వరుసను అందుకునే మనుషులు గుర్తుకొచ్చారు. కుడి పక్కన ఎప్పుడూ సుగుణ ఉండేది. సుగుణ పోయి నాలుగేళ్లు. నారు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పుడు ఒడ్డు మీది నుంచి కావ్య అందుకుంది. పసితనంలో నిద్రపుచ్చుతూ సమ్మమ్మ పాడినవే ఆ పాటలన్నీ. ఫూల్మతి నాటడం ఆపి, తనకు తెలియని భాషలో పాడుతున్న మనవరాలిని కళ్లార్పకుండా చూసింది.

పాట అయ్యాక కావ్య, “నాయినా, దాదీ ఏమని పాడింది?” అని అడిగింది.

బిర్జు చెప్పబోయి రెండుసార్లు ఆగిపోయాడు. “అది తెలుగుల రాదు బిడ్డా. దాదీనే అడుగు.”

ఎట్ల అడుగాలె అంది కావ్య. అతను చెప్పిన రెండు మాటలు నోట్లో తిప్పుకుంటూ పోయి, ముసలామె బురద చేయి పట్టుకుని అడిగింది.

ఫూల్మతి దసరా దాకా ఉంది. దీపావళి అయ్యాక వచ్చే తమ ఛఠ్ పండక్కి ఇంట్లో ఉండాలని, ఊళ్లకు పోయే తమవాళ్లతో కలిసి రైల్లో వెళ్లిపోయింది. ఆమె పోయాక నాలుగు రోజులు సమ్మమ్మకు వాకిలి బోసిగా అనిపించింది.

కోతలప్పుడు ఫూల్మతి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. కావ్య సగం దాదీ భాషా సగం తెలుగూ కలిపి మాట్లాడుతుంటే సమ్మమ్మ పక్కన చేరి, మీ దిక్కు కోతలు సురువైనయా అని అడగమంది. కావ్య కాసేపు మాటలు వెతుక్కుని అడిగింది. అవతల నుంచి పెద్ద జవాబే వచ్చింది.

“ఏమంటాంది?” అంది సమ్మమ్మ.

“సగం సమజైంది బాపమ్మా. జర ఆగు, మల్ల అడుగుత.”