హిస్టరీ తుడిసినా, డౌన్‌లోడ్లు తుడవలే

శ్రావణమాసం వచ్చిందంటే మా ఇంట్లో నీసు బందు. ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకున్న ఇల్లు మాది. నెలంతా గుడ్డు గూడా ముట్టకూడదు. నేను ముట్టలేదప్పా! ఉత్తగా సూసినా, అంతే. ఫోన్లో. ముక్కలు నూనెలో ఏగుతాంటే సూస్తే దోషమేముంది? కడుపులోకి ఏమన్నా పోతాదా?

ఈ మాట మా ఇంటిది హులిగెమ్మ ముందర అనే ధైర్యం మాత్రం నాకు లేదు. పోయిన శ్రావణంలో ఎమ్మిగనూరు సంతకు పోయి, ఆకలికి తాళలేక ఒక ఆమ్లెట్టు తింటి. ఎవడో పుణ్యాత్ముడు హులిగెమ్మకు సెప్పేసినాడు. ఇంక సూడు! బోరు ఎండితే నా ఆమ్లెట్టు వల్లే. పత్తికి పురుగు పడితే నా ఆమ్లెట్టు వల్లే. వాళ్ళన్నకు మోకాలు నొప్పొచ్చినా నా ఆమ్లెట్టే! ఈసారి గూడా దొరికినానంటే, మళ్ళీ శ్రావణం దాకా ఆ ఇంట్లో నాకు బతుకు లేదు.

ఆఖరి సోమవారం ఉరుకుందకు పోదామనుకున్యాం. "బస్సు ఎప్పుడుందో ఫోన్లో సూడప్పా" అనింది హులిగెమ్మ. ఇద్దరికీ ఒకటే ఫోను. తెరిసి 'ఉ' అని కొట్టినానో లేదో, 'ఉల్లికారం వేట మాంసం వేపుడు' అని అదే ఎగిరొచ్చి కూసునింది. అడగకముందే సెప్పేస్తాదా ఈ దరిద్రపు ఫోను!

"ఛార్జింగు అయిపాయ మే" అని జేబులో దోపుకుని, తెల్లారినాక ఆదోనికి పోయినా. ఆడ బస్టాండు పక్కన ఫోన్లు బాగుచేసే ధనుంజయ నాకు తెలిసినోడే. సంగతంతా సెప్తే పడీపడీ నగినాడు.

"నువ్వు సూసిందంతా అది రాసిపెట్టుకుంటాది మామా. దాన్నే హిస్టరీ అంటారు. ఇదో, పైన మూడు సుక్కలుండాయే, ఆడ నొక్కు."

నొక్కితే వచ్చింది సూడు, వరసగా కోళ్ళూ పొట్టేళ్ళూ! మద్యాన్నం సూసినవి, పొద్దున సూసినవి. నాకే ఆశ్చర్యమేసింది. పొద్దున నేను సేన్లో ఉంటా కదా, ఎప్పుడు సూసినా ఇన్ని? ఆశ పట్టినోనికి ఒళ్ళు తెలీదులే అనుకున్యా. ధనుంజయ మొత్తం ఒక్కసారిగా తుడిసేసినాడు.

"డౌన్‌లోడ్లు గూడా సూద్దామా మామా? అవి వేరేగా ఉంటాయి."

"నేనేం దింపుకోలేదప్పా, సూసినా అంతే. దాంట్లో మా ఇంటిది స్వామి పాటలు దింపుకుంది, అవి పోతే నన్ను సంపుతాది" అని ఫోను లాక్కున్యా. ఛాతీ ఇరిసి ఇంటికొచ్చినా.

సోమవారం బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఎట్లో సీటు దొరికింది. హులిగెమ్మ కిటికీకి తల ఆనించి కునుకు తీస్తాంది. పక్కింటి ఉచ్చీరమ్మ వెనక సీట్లో నుంచి, "బసప్పా, స్వామి పాట ఒకటి పెట్టు నాయనా, పుణ్యముంటాది" అనింది. నెట్టు లేదు. ఇంటిది దింపిపెట్టిన పాటలుండాయి కదా అని డౌన్‌లోడ్లలోకి పోయి, మొదట కనపడినదాన్ని నొక్కి, అందరికీ ఇనపడాలని సౌండు పూర్తిగా పెంచినా.

"ముందుగా కిలో నాటుకోడి ముక్కలు శుభ్రంగా కడుక్కుని..."

బస్సంతా నా దిక్కు తిరిగింది. ఆపుదామని గబగబా నొక్కితే ఏలు పోయి ఇంకోదాని మీద పడె. "తలకాయ కూరకు మసాలా దంచుకుందాం" అనింది అది. డ్రైవరు గూడా అద్దంలో సూసినాడు.

"శివశివా! ఉరుకుందకు పోతా ఇదేం పాడు పని బసప్పా!" అని ఉచ్చీరమ్మ నెత్తి కొట్టుకునింది.

"నేను దింపలేదు! ఈరన్న తోడు, నేను..." అంటా హులిగెమ్మ దిక్కు తిరిగినా. ఇప్పుడు లేసి జుట్టు పట్టుకుంటాది అనుకున్యా. ఆమె లేసే ఉంది. తిట్టలేదు, అరవలేదు. మొగమంతా సెమట. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా సేతిలో ఫోను దిక్కే గుడ్లప్పగించి సూస్తాంది. పొద్దున సేన్లో నేనుంటే ఇంట్లో ఫోను ఎవరి దగ్గరుంటాదో అప్పుడు తెలిసొచ్చింది నాకు.

ఓయబ్బ! ఒక్క మాట అంటే సాలు. ఏడాది పొడుగునా నేను తిన్న తిట్లన్నీ తిప్పి కొట్టొచ్చు. నోరు తెరిసినా గూడా. అయితే బస్సులో మా ఊరోళ్ళే సగం. ఊరందరికీ మడి సెప్పే మనిషి ఆమె. నా సెయ్యి గట్టిగా పట్టుకునింది.

"నేనే దింపుకున్యాలేమ్మా!" అని అరిసినా. "నాదే బుద్ధి తక్కువ. స్వామి కాళ్ళు పట్టుకుంటాలే."

బస్సు దిగేదాకా ఒకరు మార్చి ఒకరు నాకు నీతులు సెప్పినారు. అన్నీ ఇన్యా. హులిగెమ్మ మాత్రం నా సెయ్యి ఇడవలేదు.

గుళ్ళో లైన్లో నిలబడినాక మెల్లగా నా సెవి దగ్గరికొచ్చింది.

"మాసం ఐపోతానే ఆ నాటుకోడి వండుతా. ఎండు మిరపకాయలు, గసాలు దంచి... సూసి సూసి నాకు కంఠతా వచ్చేసింది. మొదటి ముక్క నీకే."

నా కండ్లెంబడి నీళ్ళు జలజలా కారినాయి.

వెనక నుంచి ఉచ్చీరమ్మ అనింది, "పాపం, ఏడుస్తాండాడు. భక్తి ఉండాది లోపల."