తిరిగి ఇవ్వాల్సిన వస్తువు

దుప్పటిని వెలుతురుకు ఎత్తిపట్టి, చిరుగు ఎంతదాకా పాకిందో వేలితో కొలిచి చూసి పెద్దావిడ పెదవి విరిచింది. "బాగా నలిగిపోయింది పాపం. అయినా బతుకుతుందిలే" అంది పక్క మిషను ముందు కూర్చున్న అమ్మాయితో.

అది ఆసుపత్రి కింది భాగంలో కుట్టుగది. పై అంతస్తుల్లో సర్జన్లు మనుషులకు కుట్లు వేస్తుంటే, కింద ఈవిడ దుప్పట్లకూ దిండు గలీబులకూ కుట్లు వేస్తుంది. అందుకే అందరూ ఆమెను దుప్పట్ల డాక్టరమ్మ అంటారు. "నా పేషెంట్లు మూలగరు, నర్సుల మీద అరవరు" అని ఆవిడా ఒకటి అంటిస్తుంది. ఇంటికి వెళ్ళిపోవాల్సిన వయసు ఎప్పుడో దాటింది. వెళ్ళమని చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

సన్నటి మనిషి. కళ్ళజోడు దారంతో మెడకు వేలాడుతుంది. సూది నొక్కీ నొక్కీ కుడిచేతి నడిమివేలు గట్టిపడింది. ఎడమ భుజం కింద, బట్ట లోపల, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ఉబ్బు. రోజూ సూదిలోకి దారం ఎక్కించే ముందు ఆ ఉబ్బు మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటుంది.

కూతురు చంటిపిల్లగా ఉన్నప్పుడు ఈవిడ గుండె కొట్టుకోవడం మరిచిపోతూ వచ్చింది. ఒకరోజు వంటగదిలో పడిపోయింది. ఈ ఆసుపత్రికే మోసుకొచ్చారు. అప్పటి కుర్ర సర్జన్ మంచం అంచున కూర్చుని, పేస్‌మేకర్ అనే చిన్న డబ్బీని అరచేతిలో పెట్టుకుని చూపించాడు.

"ఇందులో గింజంత లోహం ఉందమ్మా. ప్లుటోనియం అంటారు. గనుల్లో తవ్వితే వచ్చేది కాదు, మనుషులు అణు కొలిమిలో వండి తయారుచేసింది. ఎవరూ ఊదక్కర్లేదు, ఎవరూ కట్టెలు పెట్టక్కర్లేదు, దానంతటదే వేడిగా ఉంటుంది. ఆ వేడి నుంచి కరెంటు పుడుతుంది. కొట్టుకోవే అని ఆ కరెంటు మీ గుండెకు గుర్తుచేస్తూ ఉంటుంది. దాని వేడి సగానికి తగ్గాలంటేనే ఒక మనిషి జీవితమంత కాలం పడుతుంది."

"పాపను ఎత్తుకోవచ్చా?" అని మాత్రమే అడిగిందామె.

ఆయన నవ్వాడు. దాని కిరణాల్లో చాలామటుకు కాగితం అడ్డుపెట్టినా ఆగిపోతాయనీ, ఇక్కడైతే గట్టి లోహపు పెట్టే ఉందనీ చెప్పాడు. తరవాత నవ్వు ఆపాడు. "ఒక్కటే షరతు. ఇది మీ సొంతం కాదు. మీ తరవాత మాకు తిరిగి ఇచ్చేయాలి. మంటల్లోకీ పోకూడదు, మట్టిలోకీ పోకూడదు. పెట్టె పాడై ఆ పొడి ఎవరి ఊపిరిలోకైనా వెళ్ళిందంటే వాళ్ళ ప్రాణాలకే ముప్పు." ఆమె తలూపి, ఇస్తానని మాట ఇచ్చింది.

అదే వార్డులో మామూలు బ్యాటరీలు పెట్టించుకున్నవాళ్ళను మళ్ళీ మళ్ళీ కోయాల్సి వచ్చింది. ఆమెను ఎవరూ మళ్ళీ ముట్టుకోలేదు. కూతురు పాకింది, నడిచింది, బడికెళ్ళింది, గొడవలు పెట్టుకుంది. అన్నీ తల్లి కళ్ళముందే జరిగాయి. రోజూ సూదికి ముందు ఆ క్షణం అందుకే. సర్జన్‌కూ, ఎక్కడో కొలిమి ముందు నిలబడి ఆ లోహాన్ని వండిన ముఖం తెలియని మనుషులకూ మనసులోనే దండం పెట్టుకుంటుంది.

మధ్యాహ్నం తీరిక దొరికాక పైకి వెళ్ళింది. గుండె పరికరాలు చూసే టెక్నీషియన్ ఆమె ఛాతీ మీద మీటరు ఆనించింది.

"గడియారంలా ఉంది పిన్నిగారూ. ఇది మాకు తిరిగి ఇవ్వాలని మీ అమ్మాయికి చెప్పారా మరి?"

"చెవిన వేయనిస్తేగా!"

"ఇంట్లో ఉండగా మీకేమైనా అయితే మాకెలా తెలుస్తుంది? దాని సంగతి తెలిసిన పాత డాక్టర్లు ఎవరూ లేరిప్పుడు. మీ అమ్మాయే చెప్పాలి."

"తెలుసమ్మా. మాట ఇచ్చినదాన్ని, మరిచిపోతానా" అంటూ పెద్దావిడ బొత్తాం పెట్టుకుంది.

కూతురు బడి బస్సు నడుపుతుంది. ఒక్క చూపుతో బస్సెడు పిల్లల నోళ్ళు మూయించగలదు. తల్లి చావు గురించి ఒక్క మాట వినమంటే మాత్రం ఆమే చిన్నపిల్ల అయిపోతుంది. "ఆ ఊసెత్తావంటే బస్సు నడిరోడ్డు మీద ఆపేసి దిగిపోతా" అని ఇదివరకు బెదిరించింది కూడా.

సాయంత్రం భోజనాలయ్యాక పెద్దావిడ కిటికీ దగ్గర తన కుర్చీలో కూర్చుని పాత ట్రాన్సిస్టర్ రేడియో ఒళ్ళో పెట్టుకుంది. దానికి బ్యాటరీలు ఎన్నిసార్లు మార్చిందో లెక్కలేదు. ముల్లును రెండు స్టేషన్ల మధ్య ఆపి ఛాతీకి ఆనిస్తే, గుర్రుమనే చప్పుడులోంచి టక్, టక్ అని వినబడుతుంది. లోపలి డబ్బీ గుండెను తట్టే చప్పుడది. చిన్నప్పుడు కూతురు అది వింటేగాని పడుకునేది కాదు. "అమ్మ పలుకుతోంది" అనేది.

ఆ కూతురే ఇప్పుడు పక్కింటావిడ కూర పంపిన గిన్నె కడిగి, తిరిగి ఇవ్వడానికి బయల్దేరింది.

"ఖాళీ గిన్నె ఇస్తావుటే?" అని అడ్డుకుంది తల్లి.

"ఆవిడేమీ అనుకోదులేవే."

"ఆవిడ అనుకోకపోతే మనకు బుద్ధి ఉండొద్దూ? కాస్త చక్కెర పొయ్యి."

కూతురు గొణుక్కుంటూ డబ్బా మూత తీసింది. చక్కెర పోస్తున్న ఆ చేతినే చూస్తూ తల్లి మెల్లగా అంది. "నా దగ్గరా ఒక గిన్నె ఉందే. వాళ్ళదే. ఇన్నేళ్ళు వాడుకున్నాను."

కూతురి చెయ్యి ఆగిపోయింది.

"ఎప్పుడివ్వాలో నేను చెప్పను. నువ్వు వినవు కూడా. ఇవ్వాలని మాత్రం గుర్తుంచుకో. ఆసుపత్రికి ఫోను చేసి, మా అమ్మ దగ్గర మీ వస్తువుందని చెప్పు. చాలు. నిన్ను పెంచుకోనిచ్చిందే అది. దాన్ని ఎగ్గొట్టి పోతే నాకు మనశ్శాంతి ఉండదు."

కూతురు ఈసారి బెదిరించలేదు, దిగిపోలేదు. ముక్కు ఎగబీల్చి, "మరి దాంట్లో ఏం పెట్టి ఇవ్వమంటావ్?" అంది.

పెద్దావిడ పకపకా నవ్వింది. "చక్కెరే! మనింట్లో అంతకన్నా ఏముందని?" ఆ నవ్వులో కళ్ళు తడిశాయి. చాలాకాలంగా మోస్తున్న బరువు దిగినట్టు కుర్చీలో వెనక్కి వాలింది. "నా తల్లే" అంది.

పక్కింటావిడ మాటల్లో పెట్టేసరికి కూతురు తిరిగి రావడం ఆలస్యమైంది. అమ్మ కుర్చీలోనే నిద్రపోతోంది. రేడియో ఛాతీ మీద ఉంది. టక్, టక్. కూతురు దుప్పటి తెచ్చి కప్పింది. పక్కనే నేలమీద కూర్చుని, పిల్లలు బస్సులో చేసిన అల్లరి చెప్పింది. పక్కింటావిడ చక్కెర చూసి మురిసిపోయిందని కూడా చెప్పింది. జారిన చెయ్యి సర్దబోతే ఆ చెయ్యి చల్లగా తగిలింది.

గోడ మీద అమ్మ రాసిపెట్టిన నంబరు చూసి టెక్నీషియన్‌కు ఫోను చేసి అరిచింది. "అమ్మ లేవట్లేదు! కానీ కొట్టుకుంటోంది, వినబడుతోంది, నేను వింటున్నా!"

"ఆ చప్పుడు గుండెది కాదమ్మా. డబ్బీది. గుండె ఆగిపోయినా అది ఆగదు" అంది టెక్నీషియన్. అంబులెన్సు వెంటనే పంపిస్తానంది.

కూతురు తల్లి ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. తరవాత ముఖం తుడుచుకుని, మళ్ళీ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఒక్కో మాటా కూడగట్టుకుని చెప్పింది. "మా అమ్మ దగ్గర మీ వస్తువుంది. తిరిగి ఇచ్చేయమంది."

మరునాడు ఆసుపత్రిలో తెల్లటి పళ్ళెంలో డబ్బీని బయటికి తెచ్చారు. టెక్నీషియన్ మీటరు ఆనించి తలూపింది. ఇంకా పనిచేస్తూనే ఉంది. మందపాటి సీసపు పెట్టె మూత తెరిచి అందులో పెట్టబోతుంటే కూతురు ఆగమంది.

డబ్బీ మీదికి వంగి, "మా అమ్మను ఇన్నాళ్ళూ ఉంచావు. నీ రుణం తీరేది కాదు" అంది. చేతిసంచిలోంచి చిన్న పొట్లం తీసి అందించింది.

"ఇదేంటమ్మా?"

"చక్కెర. ఖాళీగా ఇవ్వొద్దంది."

టెక్నీషియన్ పొట్లాన్ని డబ్బీ పక్కనే పెట్టి, కళ్ళు తుడుచుకుని, మూత వేసింది.

ఇంట్లో కిటికీ దగ్గర కుర్చీలో రేడియో అలాగే ఉంది, ముల్లు రెండు స్టేషన్ల మధ్య.