చుక్కల పెట్ట కాలి దారం

కోళ్ల గంప లోపల కూర్చుని ఉన్నాను. మనిషి పట్టేంత గంప ఎక్కడిదన్న అనుమానం నాకు రావడం లేదు, వెదురు బద్దల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నా ఒళ్లో పడుతోంది, ఆ చుక్కలు కదిలినప్పుడల్లా మా చుక్కల పెట్ట రెక్క విదిల్చినట్టు ఉంటోంది, పెట్ట మాత్రం ఎక్కడా కనబడదు, దాని గురక ఒక్కటే వినబడుతూ ఉంటుంది. ఎదురుగా మా తోటికోడలు ఆదెమ్మక్క గొంతుక్కూర్చుని చేటలో నూకలు చెరుగుతోంది. అక్క పోయి మూడేళ్లు దాటిందని నాకు తెలుసు, తెలిసినా అదేమంత పెద్ద సంగతిగా తోచదు, పుట్టింటికెళ్లిన మనిషి మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా పనిలో పడినట్టే ఉంది. కట్టుకున్నది ఆ ఆకుపచ్చ నైలాన్ చీర, పసుపు అంచుది. దాన్ని నేను కత్తిరించి బొంతలో కుట్టేశాను గదా, మళ్లీ చీర ఎట్లా అయిందా అని ఒక్క క్షణం అనుకుంటాను, అంతలోనే ఆ మాట మరిచిపోతాను.

"ఏమే పున్నమ్మా, చిక్కిపోయావే," అంటుంది చేట ఆపకుండా.

"నువ్వు మాత్రం ఒళ్లు చేశావు."

"చెయ్యదా మరి, అక్కడ వంట నాది కాదుగా."

నలభై ఏళ్లు మేమిద్దరం ఒకే పొయ్యి మీద వండినవాళ్లం, ఆ పొయ్యి దగ్గర ఎవరి పని వాళ్లకు ఏనాడో పంచబడిపోయింది. కోడిని కొయ్యాల్సి వస్తే కత్తి అక్కది, కోడి కాళ్లు పట్టుకోవడం నాది. నేను కాళ్లు పట్టుకుని మొహం గోడవైపు తిప్పేదాన్ని, అక్క "అయిందే, ఇటు తిరుగు" అన్నాకే తిరిగేదాన్ని. అందుకే ఇప్పుడు అక్కను చూడగానే నాకు కొండంత ధైర్యం వచ్చి, ఇంకేమీ అడక్కుండా కోడి మాటే ఎత్తుతాను.

"చుక్కల పెట్ట పోయేట్టుంది అక్కా."

"పోయేదాన్ని పోనియ్యి."

"పోవడం లేదుగా. అదేగా బాధ."

చెప్పుకుంటూ పోతాను. నాలుగు రోజులయింది, కడుపులో గుడ్డు చితికిందట, పొట్ట నీళ్ల తిత్తిలాగా వేలాడుతోంది, నిలబడలేదు, కూర్చోలేదు, ముక్కు తెరుచుకుని గురక పెడుతోంది. గేదెల డాక్టరు వచ్చి చేత్తో తడిమి చూసి, "దీనికి మందు లేదమ్మా, ఇట్టా ఉంచడం కంటే పంపించడమే దయ" అన్నాడు. కోడలు పావని రోజూ పొద్దున్నే, "అత్తమ్మా, దాన్ని చూడలేకపోతున్నా, ఏదో ఒకటి చెయ్యండి" అంటోంది. నేనే, రేపు చూద్దాం, రేపు చూద్దాం అంటున్నాను.

"రేపు ఎందుకు? ఇయ్యాల మంచిరోజు కాదా?" అంటుంది అక్క.

"నువ్వు దాని కాలికి దారం కట్టి పోయావు గదా."

మా వైపు పోలేరమ్మకు కోడిని మొక్కుకుంటే దాని కాలికి పసుపు దారం కడతారు. కట్టిన కోడిని అమ్మకూడదు, చుట్టం వచ్చాడని కొయ్యకూడదు, కోరిక తీరాక అమ్మవారి ముందే ఇచ్చుకోవాలి. జబ్బు కోడిని ఆమె పుచ్చుకోదు. ఇంటి దగ్గర కోస్తే ఊరుకోదు. ఏం మొక్కుకున్నావని ఎవరినీ అడక్కూడదు కూడా, అడిగితే మొక్కు చెడిపోతుందంటారు. అక్క ఆస్పత్రికి పోయే ముందు నెలలో, అప్పుడు ఎదుగుతున్న ఆ పెట్ట కాలికి దారం కడుతుంటే నేను గుమ్మంలోంచి చూశాను, కడుపునొప్పి తగ్గాలని మొక్కుకుంటోంది కాబోలు అనుకుని కిమ్మనకుండా లోపలికి పోయాను. అక్క ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు. కోరికేందో తెలియదు, తీరిందో లేదో తెలియదు, మూడేళ్ల నుంచి ఆ పెట్టను అమ్మవారి సొమ్ములాగా సాకుతున్నాను.

అక్క ఆ మాట విననట్టే లేచి, చేట చంకన పెట్టుకుని, "పదవే, చూడనిచ్చే టైము దాటిపోతే లోపలికి రానివ్వరు" అంటూ నడుస్తుంది. వెదురు బద్దలు పక్కకు తప్పుకుంటే అవతల ఆస్పత్రి వరండా, ఇనప మంచాలు, మంచాల మధ్య తిరుగుతున్న కోళ్లు, వాటిని అదిలించే నర్సు చేతిలో మా ఇంటి చీపురు. అక్క పడుకున్న చివరి మంచం నాకు గుర్తే, దాని కోడు కింద చెక్క ముక్క పెట్టింది నేనే. ఆ మంచం మీద చుక్కల పెట్ట పడుకుని ఉంది, మెడదాకా తెల్ల దుప్పటి కప్పి ఉంది, దాని కన్ను మాత్రం నన్నే చూస్తోంది.

"నాకెన్నాళ్లయిందే ఇక్కడ?" అంటుంది అక్క, మంచం అంచున కూర్చుంటూ.

"నాలుగు రోజులు."

"నేనేం అడిగానో యాదుందా?"

ఉంది. మూడేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేదుగానీ ఉంది. 'ఇంటికి తీసకపో పున్నీ, నా మంచం మీద పడుకుంటా' అని అడిగింది. రేపు పోదాం అక్కా, ఇంకో సీసా ఎక్కించాక పోదాం, అన్నాను. మర్నాడు అడిగింది, రేపన్నాను. ఆ మర్నాడు అడగలేదు, నా చెయ్యి పట్టుకుని ఊరుకుంది. అయిదో నాడు తెల్లారేసరికి అడిగే మనిషి లేదు.

"నా మీద కోపం పెట్టుకున్నావా అక్కా?"

"నీ మీదా? పులుసులో నాలుగుసార్లు ఉప్పేసిన రోజే కోపం పెట్టుకోలా, ఇప్పుడు పెట్టుకుంటానా." పెట్ట మీద దుప్పటి సవరిస్తుంది. "నువ్వు డాక్టరు మాట విన్నావు, బతుకుద్దని ఆశపడ్డావు. అందులో తప్పేముంది. కాకపోతే ఒకటి చెబుతా విను. ఆ రేపనేది ఉందే, తిరుగుతుండేవాళ్లకి చిన్నదిగా ఉంటది, మంచం మీద ఉండేవాళ్లకి చానా పొడుగు. నాకైతే నోరుంది, అడిగా. దీనికి నోరు లేదు."

నాకు ఏడుపు రావాలిగానీ రాదు, గుండెల మీద నుంచి ఎవరో తిరగలి దించినట్టు ఊపిరి ఆడుతుంది. ఆస్పత్రి పలచబడిపోయి గోడల్లోంచి మా పెరటి కరివేపాకు చెట్టు కనబడుతుంది. పెట్ట ఇప్పుడు నా ఒళ్లో ఉంది, వెచ్చగా, బరువుగా.

"సరే అక్కా, నీ మాట వింటా. మరి ఆ మొక్కో? పోలేరమ్మకి ఏమని చెప్పను?"

"ఏ మొక్కే?"

"దారం."

అక్క నా మొహంలోకి అట్లాగే చూసి చూసి, చేట కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేట్టు నవ్వుతుంది. "మూడేళ్ల నుంచి దీన్ని అమ్మోరి కోడని సాకుతున్నావా? ఓసి నీ తెలివి తెల్లారా. పక్కింటి బుజ్జమ్మ పెట్టలూ చుక్కలవే, పొద్దుగూకి గంప కింద కమ్మేటప్పుడు నీది నాదని దానితో రోజూ తగువేగా, అందుకని గుర్తు కట్టా. నా చీర అంచులోంచి పోగు లాగి కట్టా."

"పసుపుపచ్చగా ఉంటే..."

"మూడేళ్లు మురికి కాలవల్లో తిరిగినా రంగు పోని పసుపు ఏ కొట్లో అమ్ముతున్నారే? నీళ్లు పోసుకుంటే నీ కాళ్ల పసుపే సాయంత్రందాకా ఉండదాయె."

"నన్ను అడగొచ్చుగా అనమాకు, మొక్కు అడక్కూడదుగా."

"అడక్కపోబట్టే ఇద్దరం మంచోళ్లమైపోయాం," అంటుంది అక్క, ఇంకా నవ్వుతూనే.

నేనూ నవ్వుతాను. నవ్వి, పెట్టను అక్కవైపు చాపి, "అయితే నువ్వే కానియ్యి, నేను కాళ్లు పట్టుకుంటా" అంటాను, నలభై ఏళ్ల అలవాటు కొద్దీ. అక్క తన రెండు చేతులూ తిప్పి చూపిస్తుంది. వాటిల్లో తవుడు దుమ్ము తప్ప ఏమీ లేదు.

"నా చేతిలో కత్తి ఎక్కడుందే. ఈసారి కత్తి నీది. భయపడమాకు, చెబుతా. ముందు తడిపిన నూకలు ముక్కు దగ్గర పెట్టు, తిన్నా తినకపోయినా. మిగతా కోళ్లు చూసేచోట వద్దు, చెట్టు అవతలికి తీసకపో. ఒళ్లో పెట్టుకుని కొంగు తల మీదుగా కప్పు, చీకటి పడిందనుకుని సద్దుకుంటది. దాని గుండె దడ తగ్గిందాకా చెయ్యి తియ్యమాకు. కత్తి ముందే సాన పట్టుకో, మొండికత్తి పాపంగానీ పదునుకత్తి పాపం కాదు. ఒకటే వేటు. మనసులో రేపనుకుంటే చెయ్యి వణుకుద్ది. కూరాగీరా అనమాకు, జబ్బుది, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చు."

చెబుతూ చెబుతూ తన చేతులు నా చేతుల మీద వేస్తుంది. నా కొంగు పెట్ట తల మీదికి జారుతుంది, ఆ గురక మెల్లమెల్లగా చేట చప్పుడులో కలిసిపోతుంది, ఎండ చుక్కలు ఒకదాని వెంట ఒకటి ఆరిపోతుంటాయి.

"కాళ్లు ఎవరు పట్టుకుంటారక్కా?" అని అడుగుతాను.

అక్క మళ్లీ నూకలు చెరుగుతోంది. చేట చప్పుడు దగ్గరికి, ఇంకా దగ్గరికి వస్తుంది.

కళ్లు తెరిచేసరికి వరండాలో బొంత మీద ఉన్నాను. పావని గుమ్మం దగ్గర చేట పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం ఎండ నా కాళ్లదాకా వచ్చింది. పక్కన గంప కింద చుక్కల పెట్ట అట్లాగే ముక్కు తెరుచుకుని గురక పెడుతోంది.

గంప ఎత్తి దాన్ని ఒళ్లోకి తీసుకుంటాను. కాలి దారం మీది మట్టి గోటితో గీకితే లోపల కొత్తదానిలాగా పసుపుపచ్చగా మెరుస్తుంది. నా కింద ఉన్న బొంతలో అక్క ఆకుపచ్చ చీర ముక్క ఎక్కడుందో తడిమి, దాని పసుపు అంచును పెట్ట కాలి పక్కన పెట్టి చూస్తాను. అదే పసుపు, అదే పేనిక. అంచు చివర, జానెడు మేర, ఒక పోగు లాగేసిన సన్నని గీత.

"అత్తమ్మా, నిద్ర పట్టిందా? ఇంకాసేపు పడుకోండి, ఎండ తగ్గినాక లేద్దురుగాని," అంటుంది పావని.

"పిడికెడు నూకలు తడిపి తీసుకురామ్మా, సానరాయి కూడా తీసుకురా," అంటాను. "నువ్వు కాళ్లు పట్టుకుందువుగాని. మొహం అటు తిప్పుకోవాలనిపిస్తే తిప్పుకో, అయినాక నేను పిలుస్తా."