అలారం మీద ఉన్ని టోపీ

రబ్బరు తొడుగున్న కర్ర పైకెత్తి, పొగ అలారం మీది బొత్తాన్ని నొక్కాడాయన. కీచుమని ఇల్లు దద్దరిల్లింది. ఇంటావిడ చెవులు మూసుకుంది. ఆయన మాత్రం మంచి పాట విన్నట్టు తలాడించి, "బతికే ఉంది" అన్నాడు.

ఫైర్ స్టేషన్‌లో ఆయన్ని కీచురాయి అంటారు. ఒకప్పుడు నీళ్ల గొట్టం పట్టుకుని మంటల్లోకి దూకినవాడే. కాలుతున్న ఇంటి మెట్ల మీద జారిపడి మోకాలు పోయాక, ఇంటింటికీ తిరిగి జాగ్రత్తలు చెప్పే పని అప్పగించారు. తోటివాళ్లు మంటలార్పి వచ్చి, మసి మొహాలతో కథలు చెప్పుకుంటారు. ఈయన దగ్గర చెప్పడానికేముంది? అంటుకోని ఇళ్ల గురించి ఎవడైనా కథలు చెబుతాడా!

ఆ పూట ఒకరి పొయ్యి పక్కనుంచి కర్టెన్ తీయించాడు. ఇంకొకరింట్లో తలుపుకి అడ్డంగా పేర్చిన అట్టపెట్టెలు తనే మోసి పక్కన పెట్టాడు. "మంటొస్తే వీటిని బతిమాలుకుని బయటపడతారా ఏంటమ్మా?" అన్నాడు. ఆవిడ నవ్వేసింది. నవ్వితే నవ్వింది, దారి ఖాళీ అయింది, ఆయనకి అంతే చాలు. పొద్దుట్నుంచీ ఎడమ చెయ్యి లాగుతూనే ఉంది. నిన్న నిచ్చెన మోసినందుకేలే అనుకున్నాడు.

చివరిది అక్క ఇల్లు. తల్లి పోయాక ఈయన్ని పెంచింది ఈ అక్కే. తను పస్తుండి తమ్ముడి కడుపు నింపిన మనిషి. ఇప్పుడు పొయ్యి వెలిగించి మరిచిపోతోంది, గిన్నెలు మాడుస్తోంది. అందుకే వంటింటి గుమ్మం పైన తనే అలారం బిగించాడు. కాస్త నూనె పొగకే అది గోల పెడుతోందని ఆవిడ చీపురు కర్రతో దానికి పాత ఉన్ని టోపీ తొడుగుతుంది. వచ్చినప్పుడల్లా ఈయన పీకేస్తాడు.

ఇవాళా టోపీ ఉంది.

"ఏం, దానికి చలేస్తోందా?"

"నా ఇల్లు, నా చెవులు. నువ్వెళ్లి ఊరిని ఉద్ధరించు, పో."

"అక్కా, గిన్నె పొయ్యి మీద పెట్టి నిద్రపోతున్నావు. మంట దాకా అక్కర్లేదు, పొగే నిద్రలో ప్రాణం తీస్తుంది. నేను కళ్లారా చూశాను."

"మరుపొచ్చిందని చెప్పరా! మతి పోయిందని చెప్పు!"

ఆవిడ భయమంతా అదే. అది ఈయనకీ తెలుసు. తెలిసినవాడు నోరు మూసుకోవాల్సింది. "అవును, వచ్చింది" అనేశాడు. టోపీ పీకి బల్ల మీద విసిరికొట్టాడు. "కప్పుకుంటే కప్పుకో. ఇంక నీ గడప తొక్కను."

మెట్లు సగం దిగాక కర్ర గుర్తొచ్చింది. వెనక్కి వెళ్తే తప్పయిందని చెప్పుకోవాలి. ఆ మాటేదో రేపు చెబుదాంలే అనుకుని, గోడ పట్టుకుని దిగిపోయాడు.

స్టేషన్ వెనక బెంచీ మీద కూర్చుని ఒక బూటు విప్పాడు. రెండోది విప్పలేదు. మొహం మీద ఎండ పడుతున్నా కదలకపోయేసరికి, కునుకు తీస్తున్నాడేమోనని ఫైరింజన్ డ్రైవరు వచ్చి భుజం తట్టాడు. "మామా" అన్నాడు. మళ్లీ అన్నాడు. తర్వాత అందరినీ కేకేశాడు.

అక్కడ అక్కేమో తమ్ముడు మరిచిపోయిన కర్రకే టోపీ తగిలించి పైకెత్తింది. అలారం దాకా వెళ్లి చెయ్యి ఆగిపోయింది. "రాడంట, వెధవ" అని గొణిగి, టోపీతో పాటే కర్రని గోడకి చేరేసింది. గుప్పెడు బియ్యం గింజలు పొయ్యి మీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలింది.

కీచుమన్న మోతకి ఉలిక్కిపడి లేచింది. వంటిల్లంతా పొగ. గిన్నె మాడి నల్లబడింది, పక్కనున్న మసిగుడ్డ అంచు రాజుకుంటోంది. పొయ్యి కట్టేసి, పట్టకారుతో గుడ్డని సింకులో పడేసి నీళ్లు వదిలింది. కిటికీలు తెరిచింది. పొగ తగ్గాక నవ్వొచ్చింది. గెలిచాడు సన్నాసి!

తలుపు చప్పుడైంది. "కర్ర కోసం వచ్చావా, రా రా" అంటూ తీసింది. ఎదురుగా డ్రైవరు.

"అలిగి నిన్ను పంపాడా బాబూ? అలారం మోగిందని చెప్పు వాడికి. నేను కప్పలేదని చెప్పు. మరుపు నిజమే, ఒప్పుకుంటున్నానని కూడా చెప్పు. సాయంత్రం భోజనానికి రమ్మను."

డ్రైవరు తల దించుకున్నాడు. ఆవిడ అతని మొహంలోకి చూసి, మెల్లగా గుమ్మం పట్టుకుంది.

తలుపు పక్కన కర్ర గోడకి ఆనుకునే ఉంది, చివరనున్న రబ్బరుకి తగిలించిన ఉన్ని టోపీతో.