పక్షానికొక చెంబు

పొద్దున లేస్తే గంగ పని ఎప్పుడూ ఒకటే వరస. ముందు ఆకుల ట్రేలు చూసుకునేది, తర్వాత కుండీలన్నీ ఎండకు తగ్గట్టు కాస్త కాస్త తిప్పేది, ఆ పైన వాళ్ళ నాయన మారప్పను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఎండలో కూర్చోబెట్టేది. మొదటి వరసలో గులాబీల్లా విచ్చుకున్న చిన్న మొక్కలు, రెండో వరసలో చారల కలబందలు, మూడో వరసలో ప్లాస్టిక్ కుర్చీ మీద మారప్ప. తొమ్మిది దాటి ఎండ చురుక్కుమనడం మొదలుపెట్టగానే మూడు వరసల మీదికీ కలిపి పచ్చ వల లాగేది.

ఆమె పెంచేవన్నీ నీళ్ళడగని మొక్కలు. లావుపాటి ఆకుల్లో తమ నీళ్ళు తామే దాచుకుని నెలల తరబడి గమ్మునుంటాయి. బెంగళూరు వాళ్ళు వాటిని సక్యులెంట్లంటారు, మారప్ప గట్టాకు మొక్కలనేవాడు. బంగారు గనుల కూలీలకు కట్టిన కోరమండల్ లైన్ ఇళ్ళల్లో ఇంకేం పెంచుతారు లెండి. కొళాయి ఎనిమిది రోజులకోసారి వస్తుంది. వచ్చిన రోజు బిందెల మధ్య జరిగే మాటల యుద్ధం వింటే మల్లెతీగ కూడా తనకు నీళ్ళొద్దంటుంది.

రాబర్ట్‌సన్‌పేటలో తను కాజాలు కుట్టే టైలరు షాపు మూతపడ్డాక గంగ ఈ పనిలోకి దిగింది. పెట్టుబడి ఒక పాత ఫోను, ఎవరి గోడమీద నుంచో తుంచుకొచ్చిన నాలుగు ఆకులు. తుంచిన ఆకును తడి తగలకుండా నీడలో నాలుగు రోజులు పడేస్తే దాని గాయం మానుతుంది. ఆ తర్వాత దారంపోగుల్లాంటి వేళ్ళు వస్తాయి, వేళ్ళ పక్కన ఆవగింజంత పిల్ల పుడుతుంది. మట్టికి కూడా కొదవ లేదు. కూలిపోయిన లైన్ ఇళ్ళ ఇటుకలు దంచి ఇసకలో కలిపేది. ఫోన్లో ఫోటోలు పెట్టి అమ్మిన మొక్కల వేళ్ళు దులిపి, న్యూస్‌పేపర్లో చుట్టి, అట్టపెట్టెల్లో కొరియరుకిచ్చేది.

కొన్నవాళ్ళు ఫోన్ చేసేది ఒక్క సంగతికే, మొక్క చచ్చిపోయిందని. గంగ అడిగేది కూడా ఒక్కటే.

"ఎన్ని నీళ్ళు పోసినారు?"

ప్రేమగా చూసుకున్నవాళ్ళ మొక్కలే చచ్చేవి. తెచ్చిపెట్టి మరిచిపోయినవాళ్ళవి నిక్షేపంగా ఉండేవి.

మారప్పది కూడా ఇంచుమించు అదే జాతకం. మైన్లో ముప్ఫై యేళ్ళు సొరంగం కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేశాడు. దుంగలు నిలబడ్డాయి గానీ అతని ఊపిరితిత్తులు రాతి దుమ్ముతో నిండిపోయాయి. మైన్ మూసేసిన పదేళ్ళకు భార్య చెన్నమ్మ పోయింది. ఆమె పోయినప్పటి నుంచి గుక్కెడు నీళ్ళు మింగినా దగ్గు తెర ముంచుకొచ్చేది, కళ్ళు తేలేసేవాడు. అందుకని తగ్గించాడు. తగ్గించి తగ్గించి చివరికి పక్షానికొక చెంబు దగ్గర ఆగాడు. దగ్గు కూడా ఆగింది. ఆ యేడే ముంజేతులు లావెక్కాయి, చర్మం మందంగా నున్నగా తేలింది, మోచేతి మడతల్లో లేతాకుపచ్చ రంగు వచ్చింది, ఒంటి మీద సన్నటి తెల్లపొడి పట్టింది. ఆ పొడి చెరిగితే ఎండకు ఆకు కాలుతుందని మొక్కలవాళ్ళందరికీ తెలుసు, అందుకే గంగ ఆయన స్నానం మానిపించింది.

పెద్దాసుపత్రి డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూసి, "బాగుండాడు, నీడలో మాత్రం పెట్టొద్దమ్మా" అని పంపేశాడు. పెన్షనాఫీసులో మాత్రం గొడవైంది. వేలిముద్ర మిషను ఆయన బొటనవేలిని ఒప్పుకోలేదు. గుమస్తా నాలుగుసార్లు నొక్కించి, ఆకులకు ముద్రలు పడవని విసుక్కుని, కంటిపాప ఫోటో తీసుకుని వదిలిపెట్టాడు. పక్క లైన్లో ఉండే బచ్చప్ప అయితే దారిన పోతూ, "ఏమ్మా, మీ అప్పకు నీళ్ళయినాయా?" అని అడిగేవాడు, బర్రెకు కుడితి పెట్టావా అన్నంత మామూలుగా.

గంగకు ఆయన తప్ప ఎవరూ లేరు. పెళ్ళయిన రెండేళ్ళకే ఒక సంచీతో తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చిందో ఆమె చెప్పలేదు, మారప్ప అడగలేదు. ఊరంతా అడిగింది, ఆయనొక్కడు అడగలేదు. అందుకే ఆయనంటే ఆమెకు ప్రాణం. ఆయన్ను ఎండబెట్టుకుని అయినా సరే ఇంకో ఇరవై యేళ్ళు కాపాడుకోవాలని మొండిగా ఉండేది.

ఏప్రిల్లో బెంగళూరులో మొక్కల సంత మూడు రోజులు పెట్టారు. బల్ల ఒకటి ఇస్తామన్నారు. గంగ వెళ్ళాలా వద్దా అని వారం కొట్టుమిట్టాడి, చివరికి పక్కింటి చిన్నవెంకటమ్మకు నాయన్ను అప్పగించింది.

"అత్తా, మొన్న ఆదివారమే చెంబు తాగినాడు. ఇంగ ఆ పై ఆదివారం దాకా ఒక్క చుక్క పోయొద్దు. ఎండ ముదిరితే వల లాగు, అంతే పని."

"నాకు తెలీదా ఏమి? రోజూ చూస్తానే ఉండాను గదా. పో, పో, రైలు పోతాది" అంది చిన్నవెంకటమ్మ.

ఆమెకు నిజంగానే అన్నీ తెలుసు. పాపం, తెలియడం ఒక్కటే సరిపోదు కదా.

లైన్ ఇళ్ళల్లో పాత పద్ధతొకటి ఉండేది. షిఫ్టు దిగి వచ్చిన మనిషిని పలకరించేముందు చెంబు నీళ్ళు చేతికియ్యాలి. మైలున్నర లోతున రాయి కుంపటిలా కాగుతుంటే ఎనిమిది గంటలు అందులో ఉండి వస్తాడు. ఇంట్లో చావు కబురున్నా సరే, ముందు నీళ్ళు, తర్వాతే మాట. చిన్నవెంకటమ్మ మొగుడు ఓబలప్ప ఒకరోజు మధ్యాహ్నం షిఫ్టు నుంచి రాలేదు. లోపల రాయి పేలి కూలిందన్నారు. ఆమె నీళ్ళ చెంబు పట్టుకుని గనిలోకి దిగే షాఫ్టు గేటు దగ్గర రెండు రోజులు నిలబడింది. మూడో రోజు మూట కట్టి పైకి తెచ్చారు. ఆమె చేతిలో చెంబు లాక్కోవడానికి ఇద్దరు ఆడవాళ్ళు కావాల్సొచ్చింది. అది జరిగి నలభై యేళ్ళవుతున్నా, ఆమె గడపలోకి ఎవరడుగు పెట్టినా చెయ్యి ముందు బిందె వైపే పోతుంది.

గంగ వెళ్ళిన రెండో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు, వల కింద కూర్చున్న మారప్ప కళ్ళు తెరిచి, "చెన్నమ్మా, షిఫ్టు అయిపాయె. నీళ్ళియ్యి" అన్నాడు.

చిన్నవెంకటమ్మ చీపురు కింద పడేసింది. ఇయ్యకూడదని ఆమెకు గుర్తుంది. గుర్తుండగానే లోపలికి పోయింది, గుర్తుండగానే చెంబు ముంచింది.

మూడో రోజు సాయంత్రం గంగ ఖాళీ అట్టపెట్టెలతో నవ్వుకుంటూ వచ్చింది. తీసుకెళ్ళిన మొక్కలన్నీ అమ్ముడుపోయాయని నాయనకు చెప్పబోయి, ఆయన పాదాలు చూసి ఆగిపోయింది. మడమల దగ్గర నుంచి చీలమండల పైదాకా చర్మం నానిన సగ్గుబియ్యంలా తేటపడి ఉంది. వేలితో నొక్కితే లోపలికి దిగి అక్కడే నిలిచిపోయింది. ఈ చావు ఆమె వందసార్లు చూసింది, కుండీల్లో.

"ఎన్ని నీళ్ళు పోసినావత్తా?"

చిన్నవెంకటమ్మ గోడకానుకుని నిలబడింది. "అడిగినాడు గంగా."

"ఎన్ని?"

"అడిగినప్పుడంతా పోసినా. నిన్న ఒక బిందె, ఈ పొద్దు ఒక బిందె."

"చెప్పి పోయినా గదా నీకు! చిలక్కు చెప్పినట్ల చెప్పినా గదా!"

"షిఫ్టు దిగినోడు అడిగితే ఎట్ల ల్యాదనేది తల్లీ?"

గంగ ఆమెను నానా మాటలూ అంది. నీ మొగుడికి పోయలేని నీళ్ళు మా అప్ప మీద పోసి చంపినావని కూడా అంది. అనకూడని మాటే అది. అన్నాక నోరు కాలినట్టయింది కానీ వెనక్కి తీసుకోలేదు.

మొదలు కుళ్ళిన మొక్కకు మందు ఒక్కటే. కుళ్ళు పైన కోసి, కోత ఆరబెట్టి, మళ్ళీ నాటాలి. కన్నతండ్రిని యాడ కోసేది? గంగ ఇంట్లో ఉన్న ఇటుక పొడంతా నేల మీద పరిచి, ఆయన్ను దాని మీద పడుకోబెట్టి, రెండు ఫ్యాన్లు పెట్టింది. బచ్చప్ప పొయ్యి బూడిద తెచ్చి పాదాలకు పూశాడు. రోజుకు జానెడు చొప్పున తేటదనం పైకి పాకుతూనే ఉంది. మారప్పకు మాత్రం నొప్పి లేదు. మొహం కడిగిన గాజులా మెరుస్తోంది.

"నీళ్ళు చల్లగుండె గంగా" అన్నాడు మూడో రోజు.

"మాట్లాడొద్దు అప్పా."

"అత్తను ఏమీ అనాకు. పన్నెండేళ్ళ దాహం తీర్చింది."

గంగ చెయ్యి ఆగిపోయింది. "నీకు దాహమే ఉండదంటివి గదప్పా?"

"దాహం ల్యాకుండా యాడికి పోతాదమ్మా? అలవాటయింది, అంతే. నువ్వు బాధపడతావని చెప్పలే."

ఆ మాట గంగను నిలువునా కోసేసింది. పన్నెండేళ్ళు పక్షానికొక చెంబు కొలిచి పోసి, తండ్రిని బంగారంలా చూసుకుంటున్నానని మురిసిపోయింది. ఆయన అన్నాళ్ళూ ఆమె కోసం నాలుక పిడచకట్టుకుని కూర్చున్నాడు. మర్నాడు పొద్దున, ఎండ గుమ్మంలోకి రాకముందే మారప్ప పోయాడు. ఒక్క దగ్గు కూడా రాలేదు.

మూడో నాడు గోరీ మీద పాలు పోయడానికి వెళ్ళినప్పుడు గంగ గిన్నె మీద మూత తియ్యలేదు. తడి తగలడానికి వీల్లేదంది. బచ్చప్ప మొదట శాస్త్రం కాదని గొణిగి, కాసేపు ఆలోచించి, నిజమేలే అని తనే రెండు దోసిళ్ళ పొడి ఇసక చల్లాడు. చిన్నవెంకటమ్మ ఆ పూట దూరంగా, దారి పక్కనే నిలబడి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత గంగ పనిలో పడింది. వేళ్ళు దులిపేది, పేపర్లు చుట్టేది. పక్కింటి వైపు మొహం తిప్పేది కాదు. కోపం ఎవరి మీదో ఆమెకే తెలిసేది కాదు. తన మీద ఉన్నదంతా మోయలేక సగం ఆ ముసలామె మీద పెట్టిందని ఒక్కొక్కప్పుడు అనుకునేది, అయినా మాట్లాడేది కాదు.

రెండోసారి కొళాయి వచ్చిన రోజు లైనంతా గుమిగూడితే చిన్నవెంకటమ్మ బిందె వరసలో లేదు. ముందుసారి కూడా లేదట.

"ఆయమ్మ నీళ్ళు ముట్టడంల్యా. మీ అప్ప పోయినప్పట్నుంచీ" అన్నాడు బచ్చప్ప, గంగ బిందె ఎత్తిపెడుతూ. "ఎంత చెప్పినా వినదు. పోసిన చెయ్యి తాగకూడదంటాది."

గంగ బిందె అక్కడే దించి, చెంబు నిండా ముంచుకుని, వెనక దోవన పరుగులాంటి నడకతో వెళ్ళింది. ఎన్ని మాటలన్నదో అన్నీ ఆ నాలుగడుగుల్లో గుర్తొచ్చాయి. కాళ్ళు పట్టుకుని అయినా తాగించాలనుకుంది. ఇంకో చావు మోసే ఓపిక ఆమెకు లేదు.

చిన్నవెంకటమ్మ పెరటి గోడకు వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో కూర్చుని ఉంది. చెమట లేదు. గంగ పక్కన కూర్చుని, "అత్తా, తప్పయిపాయె. తాగు" అని చెంబు పెదాల దాకా తీసుకుపోయింది.

ముసలామె కళ్ళు తెరిచి నీళ్ళ వైపు చూసింది. ఆ చూపులో ఎంత ఆశ ఉందో గంగకు కనబడింది. నువ్వు పోస్తే కాదనను అన్నట్టు బుద్ధిగా నోరు తెరిచింది.

తల పట్టుకోబోయి గంగ ఆమె మణికట్టు చూసింది. మందంగా, నున్నగా ఉంది. ముంజేతి మీద సన్నటి తెల్లపొడి. మడతలో లేతాకుపచ్చ రంగు. వేలితో నొక్కి చూస్తే సొట్ట పడలేదు.

చెంబు మెల్లగా వెనక్కి వచ్చింది.

"దాహమేస్తాందా అత్తా?"

"ఏస్తాంది తల్లీ."

"ఎన్నాళ్ళాయె తాగి?"

"పదమూడు దినాలు."

గంగ ఆమె చేతిని, పొడి చెరగకుండా, కింద నుంచి పట్టుకుంది.

"ఇంగ రెండు దినాలే అత్తా. ఓర్చుకో. నేనే పోస్తా" అంది.

చిన్నవెంకటమ్మ నోరు మూసుకుని తలూపింది. గంగ లేచి, ఆమెకు కనబడకుండా గోడ వైపు తిరిగి, ఆ చెంబు నీళ్ళు చప్పుడు రాకుండా తను తాగేసింది.