సమ్మె శిబిరంలో చుక్కల పుస్తకం

అండాలమ్మ మైదాపిండితో కాచిన లై జిగురును వేలికొసతో తీసుకుని పుస్తకం వెన్నుకు పూసింది. పాత చీర అంచు నుంచి కత్తిరించిన గుడ్డముక్కను దానిమీద అద్ది, బొటనవేలితో పైనుంచి కిందికి ఒత్తింది. ఏళ్ల తరబడి ఇదే పని చేసీచేసీ ఆ బొటనవేలి గోరు గోధుమరంగుకు తిరిగింది. సన్నగా పొడుగ్గా ఉండే మనిషి. కింది అరల్లో పుస్తకాల కోసం వంగి వంగి, నడుస్తున్నప్పుడు కూడా దేన్నో వెతుకుతున్నట్టు కాస్త ముందుకు వాలి ఉంటుంది.

మార్కండేయులు మన్సూరాబాదు ఇంటి అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో అతని చీరల దుకాణం బంద్ వల్ల మూతపడి ఉంది. భార్య పుస్తకాల మూట కట్టడం చూసి, "ఇయ్యాల ఆఖరు రోజు గదనే. ఇయ్యాల గూడ మోస్కపోతవా?" అన్నాడు.

"ఇయ్యాల్టి దాక కొలువే గద" అంది అండాలమ్మ.

అతను లేచి మూటను స్కూటరుకు కట్టాడు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. ఆర్టీసీ బస్సులు డిపోలు దాటడం లేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటోల కోసం జనం గుంపులుగా నిలబడి ఉన్నారు. గడ్డిఅన్నారం దగ్గర, ఆమె పనిచేసే సర్కారు హైస్కూలు కూడా తాళం వేసి ఉంది. అండాలమ్మ ఆ బడి లైబ్రేరియన్. ఆ నెలాఖరుతో ఆమె కొలువు ముగుస్తుంది. ఆ నెలాఖరు ఈ రోజే.

పెళ్లయిన కొత్తల్లో ఈ ఉద్యోగంలో చేరినప్పుడు లైబ్రరీ గదిలో పుస్తకాల కన్నా విరిగిన బెంచీలే ఎక్కువ. పిల్లలు వచ్చి బీరువా ముందు నిలబడి, చేతికందిన పల్చటి జోకుల పుస్తకం పట్టుకుని పోయేవాళ్లు. ఇది మంచి పుస్తకం, చదవండి అని ఆమె అంటే చాలు, కషాయం గ్లాసు చూసినట్టు ముఖం తిప్పుకునేవాళ్లు. కొన్నాళ్లకు ఆమె ఆ మాట అనడం మానేసింది. బదులుగా, నిన్న ఏం చూసినవురా అని అడగడం మొదలుపెట్టింది. పండ్ల మార్కెట్లో మామిడికాయల గడ్డిలోంచి పాము బయటికొచ్చిందని ఒకడు చెబితే, వాడి చేతికి పాముల పుస్తకం వచ్చేది. గాలిపటం తెగి పక్కింటి డాబా మీద పడిందని ఏడ్చినవాడికి గాలుల గురించిన పుస్తకం. వాళ్లు అది చదివి ఇంకేదో అడిగేవాళ్లు. ఆ ఇంకేదో కోసమే ఆమె ఎదురుచూసేది. పంద్రాగస్టు నాడు వేదిక మీదికి ఆమెను ఎవరూ పిలిచింది లేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు సరిపోయాయో లేదో చూసుకుంటూ వెనక నిలబడేది.

సమ్మెకు ముందు బైండింగు ఊడిన పుస్తకాలను బాగుచేద్దామని ఇంటికి తెచ్చుకుంది. బడి మూతపడేసరికి అవి ఇంట్లోనే ఉండిపోయాయి. వాటిని మూటగట్టి దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన వేసిన ఉపాధ్యాయుల శిబిరానికి తేవడం మొదలుపెట్టింది. శిబిరం బాధ్యత చూస్తున్న లెక్కల మాస్టారు శ్రీనివాస్ మొదట విసుక్కున్నాడు. ఇది దీక్షనా, బాలవాడీనా అన్నాడు. అప్పుడు అండాలమ్మ ఒక్కటే మాట అంది. "పిల్లలు రోడ్ల మీద తిరుగుతున్రు సారూ. మనం బడి బంద్ వెట్టినం. చదువు బంద్ వెట్టలే గద." ఆయన శిబిరంలో పరిచిన జంపఖానాలో సగం ఖాళీ చేయించాడు.

అప్పటినుంచి చుట్టుపక్కల పిల్లలు రోజూ వస్తున్నారు. ఒక్క పల్లవి మాత్రం రాలేదు.

పల్లవి ఎనిమిదో తరగతి. వాళ్లది తణుకు దగ్గరి ఊరు. తండ్రి పండ్ల మార్కెట్లో గుమాస్తా, తల్లి అమ్మాజీ శిబిరానికి ఎదురుగా, రోడ్డుకు అవతల ఇడ్లీబండి నడుపుతుంది. బడి ఉన్నన్నాళ్లూ పల్లవి ఒకే ఒక్క రాకుమార్తెల కథల పుస్తకాన్ని మళ్లీ మళ్లీ తీసుకెళ్లేది. ఇంకోటి చూడమంటే తల అడ్డంగా ఊపేది. ఇప్పుడు బండి పక్కన నిలబడి జంపఖానా వైపే చూస్తూ ఉంటోంది కాని, రోడ్డు దాటడం లేదు. నిన్న అండాలమ్మే దాటి వెళ్లి, ఏం చూసినవమ్మా అని పలకరించింది. కరెంటు పోయినప్పుడు మేడ మీంచి బోలెడు చుక్కలు కనిపించాయని, ఊళ్లో తప్ప ఇక్కడ అన్ని ఎప్పుడూ చూడలేదని పల్లవి చెప్పింది.

ఉదయం వెన్ను అతికించిన పుస్తకం చుక్కలదే. కొన్ననాటి నుంచి ఎవరూ తీసుకెళ్లనిది. శిబిరానికి రాగానే అండాలమ్మ దాన్ని చంకలో పెట్టుకుని రోడ్డు దాటింది.

అమ్మాజీ తడిగుడ్డతో బండి తుడుస్తోంది. పిల్లను అక్కడికి ఎందుకు పంపవని అండాలమ్మ అడిగింది. అమ్మాజీ గుడ్డ పిండి ఆరేసి, గొంతు తగ్గించి, "ఎవరన్నా ఏమన్నా అంటారేమోనండి. నోరు విప్పితే తెలిసిపోద్ది కదా మేం ఎక్కడోళ్లమో" అంది.

అలాంటిదేమీ జరగదని మాటివ్వడానికి అండాలమ్మ ఎవరు? శిబిరంలో మైకు ముందు ఎవరు ఏం మాట్లాడతారో ఆమె చేతిలో లేదు. ఆమె కూడా తెలంగాణ రావాలనే అక్కడ కూర్చుంది. అయినా ఈ పిల్ల భయపడుతూ ఇవతలే నిలబడిపోవడం ఆమెకు కష్టంగా ఉంది.

"నీ బిడ్డ నా బళ్లె చదువుతది. ఎవరన్న ఏమన్న అంటే ముందుగాల నన్ను దాటాలె" అంది చివరికి. తర్వాత పల్లవి వైపు తిరిగి పుస్తకం చేతికిచ్చింది.

"ఇందులో కథలుండవు కదండీ?"

"ఉన్నయో లేవో నాకెరుక లేదు బిడ్డా. నేను గూడ సాంతం చదవలే. నువ్వు చూసి చెప్పు."

మధ్యాహ్నానికి శిబిరం నిండింది. బతుకమ్మ పండుగ రోజులు కావడంతో ఆడవాళ్లు ఓ మూల తంగేడుపూలు పేరుస్తున్నారు. అండాలమ్మ పిల్లల మధ్య కూర్చుంది. ఉండబట్టలేక మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తోంది.

ఎండ వాలుతుండగా పల్లవి రోడ్డు దాటింది. పేజీల మధ్య వేలు పెట్టుకుని వచ్చి జంపఖానా అంచున నిలబడింది.

"టీచర్, చుక్కలన్నీ ఒకే రంగు కాదంటండి. ఎర్రటి వాటి కన్నా నీలంగా ఉన్నవే ఎక్కువ వేడంట. అమ్మ స్టవ్వు మంట కూడా బాగా మండితే నీలంగానే ఉంటుంది కదండీ."

ఆ యాసకు ముందు వరుసలోని ఇద్దరు ముగ్గురు తలతిప్పి చూశారు. పల్లవి గొంతు సన్నబడింది. అండాలమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. "ఏడుంది? అందరికి వినవడేటట్టు చదువు."

పల్లవి కూర్చుని చదవసాగింది. మొదటి వాక్యం మైకు మోతలో కొట్టుకుపోయింది. పూల దగ్గరి నుంచి లేచి వచ్చిన ఓ చిన్నపిల్ల ఆమె మోకాలికి ఆనుకుని, "గట్టిగ చదువక్కా, ఇనొస్తలేదు" అంది. శ్రీనివాస్ మైకు ముందు నుంచి ఇటు చూశాడు. చేతిలో ఉన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "జర సేపు మైకు బంద్ చెయ్యిండ్రి. పిల్ల చదువుతున్నది" అన్నాడు.

రోడ్డు మీద ఆటోల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పల్లవి తణుకు యాసలో చుక్కల గురించి చదువుతుంటే పిల్లలు అడ్డుపడి ప్రశ్నలు వేశారు. ఆమె చదివినంతలో జవాబు చెప్పింది. చెప్పలేనిచోట పేజీ వెనక్కి తిప్పి వెతికింది. డివైడరు దాకా వచ్చిన అమ్మాజీ చేతిలో గరిటెతో అక్కడే నిలబడిపోయింది. కాసేపు విని, నెమ్మదిగా తన బండి దగ్గరికి వెళ్లిపోయింది.

చదవడం అయ్యాక పల్లవి అడిగింది. "ఇలాంటివి ఇంకా ఉన్నాయాండీ?"

"ఉన్నయి" అంది అండాలమ్మ. "బళ్లె ఉన్నయి."

సాయంత్రం హెడ్‌మాస్టరు ధనరాజ్ లైబ్రరీ తాళంచెవుల కోసం శిబిరానికి వచ్చాడు. శాలువా కప్పి సాగనంపాల్సిన రోజున బడికి తాళం ఉండడం ఆయనకు చిన్నతనంగా అనిపించింది. సమ్మె ముగిశాక సభ పెడదామన్నాడు. గదిని ఎవరన్నా తెరిచి ఉంచితే అదే చాలని, సభ లేకున్నా ఫరవాలేదని అండాలమ్మ అంది. లైబ్రరీ పీరియడులో తాను కూర్చుంటానని ఆయన మాటిచ్చాడు. పాముల గురించిన పుస్తకం ఏదో ఉండేదట కదా, ఎక్కడుంటుందని అడిగాడు. అండాలమ్మ నవ్వింది.

ఇద్దరూ బడికి బయలుదేరారు. పుస్తకాల మూట మోస్తానని పల్లవి వెంట వచ్చింది. మూసి ఉన్న గదిలో కాగితం, దుమ్ము కలిసిన వాసన. అండాలమ్మ మూట విప్పి పుస్తకాలను వాటి వాటి చోట్ల సర్దింది. ఇంతలో పల్లవి అరల వెంట నడుస్తూ ఒకచోట ఆగింది. ఏది తీసుకోమంటారని ఆమె అడగలేదు, అండాలమ్మా చెప్పలేదు. పల్లవే బల్ల కింది చెక్కపీటను లాగి, దానిమీదికెక్కి మునివేళ్ల మీద నిలబడి, పై అరలోంచి ఓ పుస్తకం తీసింది. అట్ట వైపు చూడకుండానే మధ్యలోంచి తెరిచి చదవసాగింది.

బయట, భార్య కోసం వచ్చిన మార్కండేయులు స్కూటరు హారను మోగించాడు. అండాలమ్మ కిటికీలు మూసి, తాళంచెవులు ధనరాజ్ చేతిలో పెట్టింది. నమస్కారం చేసి, గేటు దాటి, భర్త వెనక కూర్చుంది. పుస్తకం గుండెకు హత్తుకుని పల్లవి ఇడ్లీబండి వైపు పరుగెత్తింది.

గదిలో పై అర కింద, చిన్నపిల్లలకు అందడం కోసం అండాలమ్మ వడ్రంగి చేత చేయించిన ఆ చెక్కపీట, దుమ్ములో రెండు చిన్న పాదాల గుర్తులతో అలాగే ఉంది.