మూడో రోజు కూత

నాకు నోరు ఎక్కువని మా హైస్కూల్లో అటెండర్ నుంచి హెడ్మాస్టర్ దాకా అందరికీ తెలుసు. పద్దెనిమిదేళ్లుగా పీఈటీగా చేస్తున్నాను. అనాల్సింది అనకుండా ఇంటికి పోయిన రోజు లేదు, ఆ ఆదివారం తప్ప.

ఆ రోజు నిస్సీ కర్నూలు జట్టు తరఫున మొదటిసారి కబడ్డీ ఆడాలి. కోడుమూరు పక్క పల్లె పిల్ల, పందొమ్మిదేళ్లది. ఆరో తరగతిలో దానికి కూత నేర్పింది నేనే. అవతలి గడిలోకి వెళ్లిన మనిషి తిరిగి గీత దాటేదాకా ఒక్క ఊపిరిమీద కూత పెడుతూనే ఉండాలి, ఆగితే అవుట్. మా గ్రౌండ్‌లో నిస్సీ కూత పెడితే రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూసేవాళ్లు. తల్లీ తండ్రీ లేని పిల్లను అవ్వ విశ్వాసమ్మ పత్తి ఏరుడుకు పోయి పెంచింది. ఇప్పుడు రాష్ట్ర మహిళల పోటీలకు ఎంపికైన పన్నెండు మందిలో అందరికన్నా చిన్నది ఇదే. మొదటి ఆటే కడప మీద, అదీ సొంత జనం ముందు. ఈ ఆటలో నిలబడితేనే జట్టులో ఉంచుతానని కోచ్ ముందే తెగేసి చెప్పాడు.

మధ్యాహ్నం రెండింటికి చర్చి దగ్గరికి వెళ్లేసరికి, మిరప మూటలు తోలే డీసీఎం వ్యాన్‌కు ఫ్లెక్సీ కడుతున్నారు. నిస్సీ ఫొటో మనిషంత ఉంది. కింద మూలన గుండ్రంగా నా ఫొటో, ‘శిక్షణ: శివకుమారి మేడమ్’ అని. నా ముఖం ఫ్లెక్సీకెక్కడం అదే మొదలు. అబద్ధమెందుకు, అటు తిరిగినట్టు తిరిగి రెండుసార్లు చూసుకున్నాను.

వ్యాన్‌లో అరవై మంది దాకా ఎక్కారు. దారి పొడుగునా పాటలు, గోల ఉంటుందనుకున్నాను. ఒక్కరూ నోరు విప్పలేదు. ఏప్రిల్ ఎండకు ఇనప రేకు కాలిపోతుంటే ముసలమ్మలు కొంగులు కప్పుకొని కళ్లు మూసుకొని కూర్చున్నారు. అందరి పెదవులూ పొక్కులు లేచి ఉన్నాయి. నాకెందుకో మనసు కీడు శంకించింది. సీసా మూత తీసి విశ్వాసమ్మకు అందించాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. “ముట్టగూడదు టీచరమ్మా. శుక్రవారం నుంచి అందరమూ ఉపాసం ఉండాము. పాప ఆట అయినాకే నీళ్లు.”

“నీళ్లు కూడానా? ఈ ఎండకా?”

“పోయిన తూరి సెలెక్షనప్పుడు ఒక దినం ఉంటిమి గదా, పాపకు వచ్చె. ఇది పెద్ద ఆట. అందుకే మూడు దినాలు పెట్టుకుంటిమి.”

“పాప కూడా ఉపవాసముందా అవ్వా?”

“దాని కోసం ఇంతమంది కడుపు మాడ్చుకుంటాంటే అది ఎట్ల తింటాదమ్మా?” అంది విశ్వాసమ్మ. నేనే తెలివి తక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. వ్యాన్ ఆపించి ముందు కూర్చున్న పాస్టర్ వసంతకుమార్ మీదికి పోయాను. పరిగెత్తే పిల్లకు నీళ్లు మాన్పించారా, మీకు బుద్ధుందా అని అడిగాను. ఆయన మెత్తని మనిషి. ఆయన పెదవులూ ఎండిపోయే ఉన్నాయి.

“నేను ఉండమనలేదు మేడమ్. కర్నూలు క్యాంపు నుంచి ఫోన్ చేసి తనే ఉంటాననె. అట్ల విశ్వాసముండే బిడ్డను వద్దని నేనెట్ల చెప్పేది?” అన్నాడు.

నిస్సీకి ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆట రోజు కోచ్ అందరి ఫోన్లూ తీసేసుకుంటాడు. కర్నూలు చేరేదాకా తిడుతూనే ఉన్నాను. అరవై మందిలో ఒక్కరూ ఎదురు చెప్పలేదు. పాపం, ఈమెకేం తెలుసు అన్నట్టు జాలిగా చూశారు. అది నాకు ఇంకా కంపరంగా ఉంది.

స్టేడియం పైన రేకుల కప్పు. నాలుగు గంటలైనా లోపల కొలిమిలా ఉంది. మేం చేరేసరికే జట్లు లోపలికి దిగాయి, నన్ను కోచ్ దగ్గరికి పోనివ్వలేదు. జనం కిక్కిరిసి ఉన్నారు. కోడుమూరు నుంచి బైకుల మీద వచ్చిన కుర్రాళ్లు నిస్సీ పేరు పట్టుకొని అరుస్తున్నారు. మొదటి సగంలో అది ఏడు పాయింట్లు తెచ్చింది. అందరూ ఎగిరారు. నేను మాత్రం కూతే వింటూ కూర్చున్నాను. అది నేను నేర్పిన కూత కాదు. గొంతు గీసుకుపోతున్నట్టు, వెళ్లిన ప్రతిసారీ ఇంకాస్త చిన్నదవుతూ వచ్చింది.

విరామంలో ఆటగత్తెలు మా మెట్ల దగ్గరికే వచ్చి కూర్చున్నారు. కడ్డీల సందులోంచి చెయ్యి పెట్టి నిస్సీని పిలిచాను. మిగతావాళ్లంతా చెమటతో తడిసి ముద్దయ్యారు. దీని ఒంటి మీద చుక్క లేదు. చెయ్యి పట్టుకుంటే పొడిగా ఉంది, కాలిపోతోంది. అంత ఆడాక చెమట ఆగిపోయిందంటే ఏమిటో నాకు తెలుసు. మా ట్రైనింగ్‌లో మొదట నేర్పేదే అది.

“మేడమ్, కండ్లు మసక మసకగా ఉండాయి. నన్ను కూర్చోబెట్టమని కోచ్ సార్‌కు మీరు చెప్తారా? నేను చెప్తే భయపడినాననుకుంటాడు. మళ్లీ దింపడు.”

“ముందు ఈ నీళ్లు తాగు.”

నిస్సీ తలెత్తి నా వెనక మెట్ల మీద చూసింది. విశ్వాసమ్మ కళ్లు మూసుకొని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

“అవ్వ తాగలేదు గదా మేడమ్. ఇంకొంచెం సేపే గదా.”

కోచ్ ఆరడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అంటే చాలు. నేను కూడా వెనక్కి చూశాను. ఫ్లెక్సీని కడ్డీలకు కట్టారు. దాని కింద అరవై మంది, వాళ్ల వెనక బైకుల కుర్రాళ్లు, అందరూ మమ్మల్నే చూస్తున్నారు. ఇప్పుడు పిల్లను కూర్చోబెడితే ఊరికి ఏ ముఖం పెట్టుకొని పోతాననిపించింది. పద్దెనిమిదేళ్లుగా ఎవరూ చూడకుండా గ్రౌండ్‌లో సున్నంతో గీతలు గీసిన చేతులు ఇవి. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మూలనున్న నా ఫొటో కూడా కనపడింది.

“పదైదు నిమిషాలు పాపా. మనోళ్లంతా నీ కోసమే వచ్చినారు. ఓర్చుకో,” అన్నాను.

నిస్సీ సరే మేడమ్ అంది. నా మాట అది ఎప్పుడూ కాదనలేదు.

చివరి నిమిషానికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆఖరి కూతకు నిస్సీని పంపారు. కడప గడిలోకి లోతుగా పోయి ఒకమ్మాయి భుజం తాకింది. వాళ్లు పట్టుకోబోయి, దాని ముఖం చూసి ఎందుకో ఆగిపోయారు. అది వెనక్కి తిరిగింది. గీతకు నాలుగడుగుల దూరం ఉందనగా కూత ఆగిపోయింది. ఆ గోలలో అంపైర్‌కు వినపడలేదు. నాకు వినపడింది. కాళ్లు మాత్రం ఇంకో మూడడుగులు వేశాయి. గీత మీద బోర్లా పడింది. చెయ్యి ఇవతలికి వచ్చింది. విజిల్ పడింది. గెలిచాం.

కోడుమూరు కుర్రాళ్లు తువ్వాళ్లు ఎగరేశారు. అరవై మంది ఎండిన గొంతులతో స్తోత్రం స్తోత్రం అన్నారు. నేనూ లేచి చప్పట్లు కొట్టాను. నిస్సీ లేవడం లేదని మొదట చూసింది కడప పిల్లలే.

ఆసుపత్రిలో ఐసీయూ తలుపు దగ్గరికి డాక్టరమ్మ వచ్చేసరికి పొద్దు గూకుతోంది. ఒంట్లో నీరు పూర్తిగా ఇంకిపోయిందని, వడదెబ్బ తలకెక్కిందని, కిడ్నీలు పనిచేయడం లేదని చెప్పింది. రేపటిదాకా ఏమీ చెప్పలేనంది. కళ్లు తిరుగుతున్నాయని ముందు ఎవరికైనా చెప్పిందా అని అడిగింది.

నేను విశ్వాసమ్మ చేతిలో నీళ్ల సీసా పెట్టి ఉన్నాను. ఆట అయిపోయింది కాబట్టి తాగొచ్చని ఆమె అప్పుడే మూత తిప్పుతోంది. పాస్టర్ గారు కళ్లు తుడుచుకొని, బిడ్డ కళ్లు తెరిచేదాకా అందరం మళ్లీ ఉపవాసం ఉందామన్నాడు. తలలన్నీ ఒక్కసారిగా ఊగాయి. విశ్వాసమ్మ మూత మళ్లీ బిగించి సీసా నాకిచ్చేసింది. నా చెయ్యి పట్టుకుంది.

“నీకైతే చెప్పింటాది గదా టీచరమ్మా. నీకు చెప్పకుండా అది ఏ పనీ చెయ్యదు.”

“చెప్పలేదవ్వా,” అన్నాను.

“అవునులే,” అంది విశ్వాసమ్మ. “చెప్పింటే నువ్వు ఆడనిచ్చేదానివా తల్లీ.” నా చెయ్యి నిమురుతూనే ఉంది.

ఐసీయూ తలుపు మూసుకుంది. వాళ్లంతా వరండాలో మోకాళ్ల మీద కూర్చున్నారు. నా నాలుక పిడచకట్టుకుపోయింది. అంతమంది మధ్యలో నిలబడి, ఆ సీసా మూత తీసి, నేనొక్కదాన్నే నీళ్లు తాగాను.